జానెడు తక్కువైన రోకలి

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టుండ్రి అన్నడంట వెనకట ఒకడు. నేను వాని కంటే రెండాకులు ఎక్కువ చదివినోణ్ణి. రోకలిని కోసి, పైపుకు అతికించి, గోల్ఫ్ ఆడిన. నవ్వుండ్రి, నవ్వుండ్రి. నేను కూడ ఈ కథ మొదలువెట్టేటప్పుడు నవ్వుత. పోను పోను నవ్వు రాదు.

అప్పుడు మేము పటాన్‌చెరుల కిరాయికి ఉంటుంటిమి. రెండు చిన్న అర్రలు, నెత్తి మీద రేకులు. నేను బోల్టులు తయారుచేసే కంపెనీల స్టోర్ కీపర్ని. కంపెనీల అందరు నన్ను నట్టు వెంకటేశం అంటుండిరి. నా భార్య మాణెమ్మ ఒక్కతే పూర్తి పేరు పెట్టి పిలుస్తుండె, లూజు నట్టు వెంకటేశం అని.

మా గల్లీల బోరు నీళ్లు నోట్లె పోసుకునేటట్టు లేకుండె. ట్యాంకర్ వస్తేనే మంచినీళ్లు. దాని హారన్ వినబడ్డదంటే చాలు, మాణెమ్మ పొయ్యి మీద పాలను, పీట మీద మొగుణ్ణి వదిలేసి బిందె పట్టుకొని ఉరికేది. పాలు పొంగినా, మొగుడు పొంగినా ఆమెకు లెక్కలేదు. తిరిగొచ్చినంక మాత్రం చీర కొంగు పిండుకుంట, "ఇంట్ల ఒక నల్లా ఉంటే ఎంత బాగుండు" అని ఒక్క మాట అనేది. బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు. నల్లా అడిగింది.

గసొంటి టైంల కంపెనీ కాలనీల ఒక క్వార్టర్ ఖాళీ అయింది. పక్కా స్లాబు, ఇంట్లనే నల్లా. సంగతి చెప్తే మాణెమ్మ బియ్యం ఏరుడు ఆపి నా మొఖం చూసింది.

"తిప్పితే నీళ్లొస్తయా?"

"వస్తయి."

"మనం తిప్పినా వస్తయా?"

ఆ మాటకు నాకు ఎట్లనో అయింది. ఎట్లనన్నజేసి ఆ క్వార్టర్ కొట్టాలె అనుకున్న. నేను కొట్టాలె అనుకున్నది ఏదీ సక్కగ తగలదని అప్పటికి నాకు తెల్వదు.

మా జనరల్ మేనేజర్ బద్రీనాథ్ సారు బొంబాయి నుంచి కొత్తగ వచ్చిండు. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. గోల్ఫ్ అంటే ఏం లేదు, చిన్న తెల్ల బంతిని పొడుగు కర్రతో దూరం కొట్టి, అది యాడ పడ్డదో దేవులాడుకుంట పోవుడు. మా ఊళ్ల బర్రెలు తప్పిపోతే చేసే పనే. సారు ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగల తుమ్మచెట్లు కొట్టించి మైదానం చేయించిండు. క్వార్టర్ కోసం అర్జీల మీద అర్జీలు, సిఫారసుల మీద సిఫారసులు వచ్చేసరికి ఆయనకు తిక్క లేసింది.

"కంపెనీ డే నాడు పోటీ పెడతాను. బంతిని ఎవరు అందరికంటే దూరం కొడితే క్వార్టర్ వాళ్లది. సిఫారసులు బంద్," అన్నడు.

ఆడుకోనీకి మాకొక పాత ఇనుప కర్ర ఇచ్చిండు. కావాలంటే ఎవరి కర్ర వాళ్లు తెచ్చుకోవచ్చన్నడు. అకౌంట్స్ ఆఫీసర్ సికింద్రాబాద్ పోయి కర్రల సంచి మొత్తం కొనుక్కొచ్చిండు. నేను ఒక్క కర్ర రేటు అడిగితే దుకాణపాయన నా చెప్పులు చూసి జవాబు చెప్పలేదు.

పాత ఇనుప కర్రతో మొదటి దినం కొట్టిన. బంతి కంటే మట్టి ఎక్కువ దూరం పోయింది. రెండో దినం మట్టి కూడ పోలేదు, నా చెప్పు పోయింది. క్రేన్ నడిపే ఐలన్న మాత్రం అదే కర్రతో, పాన్ నములుకుంట, దోమను తోలినట్టు కొడితే బంతి నీళ్ల ట్యాంకు దాకా పోయింది.

ఇంట్ల చీపురు కట్ట తిరగేసి పట్టుకొని ఊపుతుంటే మాణెమ్మ చూసింది.

"ఏందయ్యా అది? దయ్యం పట్టిందా, పూనకమా?"

"గోల్ఫ్ ప్రాక్టీసే. నీ నల్లా కోసమే."

"గంత గట్టిగ పిసికి పట్టుకుంటే అదేం పోతది? రోకలి అట్లనే పట్టుకుంటరా? జెర వదులు వెట్టు. బరువు దానంతట అదే పడాలె."

"ఏయ్, ఇది కారం దంచుడు కాదే. ఇంగ్లీషోళ్ల ఆట."

"ఇంగ్లీషోళ్ల బంతికి బరువుండదా?" అని ఆమె లోపలికి పోయింది.

ఆ మాట అక్కడ పట్టుకొని ఉంటే కథ అక్కడనే ఒడిసిపోయేది. కని నా చెవులు సగమే విన్నయి. రోకలి అన్నది విన్న. బరువు అన్నది విన్న. వదులు అన్నది వినలేదు.

మూలకు నిలబెట్టి ఉన్న రోకలి దిక్కు చూసిన. దాని సంగతి మీకు చెప్పాలె. అది మాణెమ్మ తల్లిగారి రోకలి. సండ్ర కట్టెది, నున్నగ, నల్లగ, కింద అరగకుండ తొడిగిన ఇనుప పొన్నుతోని. మా అత్తమ్మ ముత్యమ్మ లగ్గానికి దాంతోనే పసుపు దంచిండ్రు. మాణెమ్మ లగ్గానికి కూడ దాంతోనే. పెద్దబిడ్డ కాపురానికి వచ్చేటప్పుడు అత్తమ్మ దాన్ని చేతికిచ్చి ఒక్కటే మాట చెప్పింది, "నీ చెల్లె యశోద లగ్గానికి మళ్ల పట్కరావాలె బిడ్డా" అని. లగ్గం పసుపు దంచే రోకలి అంటే మన దిక్కు ఉత్త కట్టె కాదు, మీకు తెల్వంది కాదు. దానికి బొట్టు పెడ్తరు, పసుపు దారం కడ్తరు, పుణ్యస్త్రీలు ఒకరి తర్వాత ఒకరు మొక్కి పట్టుకుంటరు.

నాకు మాత్రం ఆ దినం బొట్టు కనవడలేదు. పొన్ను కనవడ్డది. ఆ పొన్ను తోటి బంతిని కొడితే సంగారెడ్డి దాకా పోతదని కనవడ్డది. మూడు మూరల రోకలి. జానెడు తక్కువైతే ఎవరికి తెలుస్తదనుకున్న.

మాణెమ్మ ట్యాంకర్ కాడికి పోయినప్పుడు గోనెసంచిల చుట్టి కంపెనీకి తీసుకపోయిన. మా వెల్డర్ పెంటయ్య దాన్ని చూసి ఎనకకు జరిగిండు.

"అన్నా, రోకలి కోస్తే ఇంటికి మంచిది కాదంటరు."

"కట్టెను కోస్తున్నం రా, మనిషిని కాదు."

"వదినకు చెప్పినవా?"

"చెప్తే సర్ప్రైజ్ ఎట్లయితది?"

పెంటయ్య నా మీద భారం ఏసి కోసిండు. పొన్నుతో సహా జానెడు ముక్క చేతికొచ్చింది. దాని పొన్నుకు పైపు వెల్డింగ్ చేసి, పైన సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగినం. మిగిలిన రోకలికి ఒక పైపు ముక్కను కోసి తళతళ మెరిసే కొత్త పొన్ను తొడిగినం.

"అన్నా, పాత ఇనుము. వెల్డింగ్ సక్కగ పట్టలేదు. మెల్లగ కొట్టు," అన్నడు పెంటయ్య.

"మెల్లగ కొట్టేదానికి ఇంత కథ ఎందుకురా?" అన్న.

ఇంటికొచ్చి రోకలిని మూలకు నిలబెట్టిన. మాణెమ్మ రానే వచ్చింది, చూడనే చూసింది.

"ఇదేంది, గింత మెరుస్తుంది?"

"పాత పొన్ను తుప్పు పట్టిందని కొత్తది ఏయించిన. నీ పని సులువు గావాలె గద."

ఆమె రోకలి పక్కకు పోయి నిలబడ్డది. పైనుంచి కిందికి చూసింది.

"పొట్టిగైనట్టుందేందయ్యా?"

"అది పొట్టిగ కాలేదు. నువ్వే పొడుగైనవ్."

"ఈ వయసులనా?"

"నా తిండి బలం."

ఆ పొద్దు మాణెమ్మ నాకు రెండు గుడ్లు ఎక్కువ ఏసి కూర వండింది. ఎంత సులువుగ నమ్మింది పాపం అనుకున్న. ఎవరు పాపమో తర్వాత తెలిసింది.

ఐతారం నాడు ఎండిన చెరువుల నా కొత్త కర్రతో కొట్టి చూసిన. అబద్ధం ఎందుకు, బంతి మస్తు పోయింది. వెల్డింగ్ కాడ సన్నగ ఒక గీత కూడ కనవడ్డది. వెంట్రుకేమో అనుకొని తుడిచిన. పోలేదు. నా కండ్లకు నల్లా కనవడుతుంటే గీత ఏం కనవడ్తది?

కంపెనీ డే రానే వచ్చింది. షామియానాలు, మైకు, భార్యాపిల్లలందరికి భోజనాలు. మాణెమ్మ లగ్గంల పెట్టిన చీర కట్టుకొని ఆడోళ్ల వరుసల ముందల కూసుంది. పక్కామెతోని, "నల్లా వంటింట్ల ఉంటదా, బాత్‌రూముల ఉంటదా?" అని అడుగుతుంటే నా చెవుల పడ్డది.

అకౌంట్స్ ఆఫీసర్ తన సంచిల నుంచి కర్ర మీద కర్ర తీసి, ఆఖరికి ఒకదానితోని కొడితే బంతి పక్కకు పోయి అంబాసిడర్ కారు కిందికి దూరింది. ఐలన్న పాత ఇనుప కర్రతోనే కొట్టిండు. నీళ్ల ట్యాంకు దాటింది. చప్పట్లు.

అప్పుడు నేను సంచిల నుంచి నా కర్ర తీసిన. జనం కిసకిస నవ్విండ్రు. బద్రీనాథ్ సారు దగ్గరికి వచ్చి చూసిండు.

"ఇదేమిటి వెంకటేశం?"

"సొంత తయారీ సార్."

"వెరీ గుడ్! ఇదీ స్పిరిట్ అంటే. డబ్బు కాదు, బుర్ర ముఖ్యం. అందరూ చూడండి!" అని మైకుల చెప్పిండు.

అందరు చూసిండ్రు. మాణెమ్మ కూడ చూసింది. రోట్లె తల పెట్టినంక రోకటి పోటుకు భయపడితే ఎట్ల అనుకొని, రెండు చేతులతోని గట్టిగ, మా నాయిన తుమ్మమొద్దు కొట్టినంత గట్టిగ, కండ్లు మూసుకొని ఊపిన.

టప్పుమన్నది. కండ్లు తెరిస్తే బంతి ముందల లేచినట్టే అనిపించింది. ఏదో ఒకటి మీదికి పోతనే ఉంది, పోతనే ఉంది. జనం నోళ్లు తెరిచి చూస్తున్నరు. నేను రెండు చేతులు పైకి ఎత్తిన. ఎత్తినప్పుడు చూసిన, నా చేతుల ఉత్త పైపు ఉంది. కిందికి చూసిన, బంతి ఉన్నకాడనే ఉంది.

మీదికి పోయింది మా అత్తమ్మ రోకలి ముక్క. అది షామియానా దాటి, వంటల దిక్కు తిరిగి, పప్పుచారు గంజుల దబ్బున పడ్డది. పప్పుచారు లేచి వడ్డించనీకి వంగిన అకౌంట్స్ ఆఫీసర్ తెల్ల అంగీ మీద పడ్డది. ఆయన కేక ఏసిండు. కుక్కలు ఉరికినయి. మైకు కింద పడి కుయ్యిమని ఏడ్చింది.

వంటాయన పెద్ద గరిటె పెట్టి గంజుల దేవి, ఆ ముక్కను పైకి ఎత్తి అందరికి చూపించిండు.

"ఇది ఎవలదో?"

నేను పైపును ఎనకకు దాచిన. మాణెమ్మ లేచింది. మెల్లగ నడిచి పోయి ఆ ముక్కను చేతులకు తీసుకుంది. లగ్గం చీర కొంగుతోని పప్పుచారు తుడిచింది. పాత పొన్నును ఏలుతోని ఒకసారి నిమిరింది.

"మాదే," అన్నది. సంచిల ఏసుకొని మళ్ల పోయి కూసుంది.

ఆమె తిట్టినా బాగుండు. అందరి ముందల తిట్టినా బాగుండు.

సారు నవ్వు ఆపుకోలేక కండ్లు తుడుచుకుంట, "దూరమైతే అందరికంటే నీదే ఎక్కువ వెంకటేశం. కానీ రూల్స్ ప్రకారం బంతినే కొలవాలి," అన్నడు. నా బంతి గాలికి జెర జరిగి ఉండె. వాచ్‌మన్ యాదన్న టేపు పట్టుకొని వంగి కొలిచి, మైకుల చెప్పనీకి సిగ్గుపడి, చెయ్యి చాపి చూపించిండు. జానెడు.

క్వార్టర్ ఐలన్నకు పోయింది.

ఆటోల వచ్చేటప్పుడు మాణెమ్మ రోడ్డు దిక్కే చూసింది. నేనే నోరు తెరిచిన.

"నీకు ఇయ్యాలనే తెలిసిందా?"

"నువ్వు కోసిన దినమే తెలిసింది. అది నా ముక్కుపుల్ల దాకా వస్తుండె. ఆ పొద్దు మెడ కింద ఆగింది."

"మరి అడగలేదేందే?"

"అడిగిన గద, పొట్టిగైందేందని. నేను పొడుగైన అంటివి." కొంగు మీది పప్పుచారు మరకను రుద్దింది. "ఇయ్యాల జెప్తడు, రేపు జెప్తడు అని సూసిన. రెండు గుడ్లు ఎక్కువ కూడ ఏసిన."

గుడ్ల సంగతి నాకు అప్పుడు సమజైంది.

అక్కడితోని అయిపోతే నేను మీకు ఈ కథ నవ్వుకుంటనే చెప్పి లేచిపోయేవాణ్ణి. ఎండకాలంల యశోద లగ్గం కుదిరింది. హత్నూర దిక్కు మా అత్తగారి ఊరికి రోకలి తీసుకొని పోయినం. పసుపు దంచేనాడు వాకిట్ల ముగ్గేసి రోలు పెట్టిండ్రు, పుణ్యస్త్రీలంత కూసున్నరు. అత్తమ్మ రోకలికి బొట్టు పెడ్దామని చేతులకు తీసుకుంది. ఆమె కండ్లు సక్కగ కనవడయి గని, చెయ్యికి అన్నీ తెలుసు. ఒక్కసారి నిలబెట్టి చూసింది, అంతే.

"ఇదేందే మాణెమ్మా, రోకలి గింతైంది?"

నేను పందిరి కింద కూసొని ఉన్న. నా నోట్లె గారె ఉంది.

మాణెమ్మ నా దిక్కు చూడలేదు. "రేకుల ఇల్లు గదనే అమ్మా. ఎత్తితే రేకులకు తగులుతుంది. నేనే కోపిచ్చిన," అన్నది.

"నీ చేతులెట్ల ఆడినయే! నేను ఇచ్చిన రోకలిని కోపిస్తవా? నీ చెల్లె లగ్గానికి కోసిన రోకలితోని పసుపు దంచమంటవా?"

ఆడోళ్లంత మాణెమ్మను చూస్తున్నరు. గారె మింగి నిజం చెప్దామనుకున్న. మింగిన. గొంతు పొలమారింది, నీళ్లు తాగి చెప్దామనుకున్న. తాగిన. అంతల ఎవరో ఇంకొక గారె ఏసిండ్రు. అల్లుడుగారు మొహమాటపడకుండ్రి అన్నరు.

పక్కింటి ఆగమ్మ ఇంటికెళ్లి రోకలి ఎరువు తెచ్చి యశోద పసుపు దంచిండ్రు. మా రోకలిని మంచం కిందికి తోసిండ్రు. చెల్లె లగ్గం పసుపుల మొదటి పోటు పెద్దక్కది. మాణెమ్మ ఆగమ్మ రోకలిని పట్టుకొని ఒక్క పోటు ఏసి లోపలికి పోయింది.

నేను ఎనకనే పోయిన. గోడ దిక్కు మొఖం చేసి నిలబడ్డది.

"ఏడుస్తున్నవా?"

"పొగ."

ఆ అర్రల పొయ్యి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుల ఆ పొట్టి రోకలిని నా ఒళ్లెనే పెట్టింది. కండక్టర్ దానికి కూడ టికెట్ తీసుకోమన్నట్టు చూసిండు.

"నేను చెప్పాల్సింది గదనే," అన్న.

"చెప్పాల్సిందే."

"నీ మీద ఎందుకు ఏసుకున్నవ్?"

"మా అమ్మ నన్ను తిడ్తది, రేపు మర్సిపోతది. అల్లుణ్ణి తిట్టలేదు, కడుపుల పెట్టుకుంటది. నువ్వు ఆ ఇంట్ల మళ్ల గారెలు తినాలె గద."

పటాన్‌చెరు దాకా రోకలి మీదనే చెయ్యి పెట్టుకొని కూసున్న.

ఇంటికొచ్చినంక మాణెమ్మ తీర్పు చెప్పింది. "రోకలి పొట్టిగైంది. వంగి దంచాలె. నా నడుముతోటి కాదు. ఇగ నుంచి కారమైనా పసుపైనా నువ్వే దంచాలె."

అట్ల మొదలైంది. స్టోర్ కీపర్ వెంకటేశం ఇంట్ల కారం దంచుతడని గల్లీల ఆడోళ్లంత వచ్చి చూసి పోయిండ్రు. కొందరు వాళ్ల మిరపకాయలు కూడ తెచ్చిండ్రు. నేను తుమ్ముకుంట దంచుతుంటే మాణెమ్మ గడపల కూసొని చెప్తుండె.

"పిసకకు. ఎత్తు, వదిలెయ్. దాని బరువు అది సూసుకుంటది. నువ్వెందుకు నడుమ?"

"నేను నడుమ లేకుంటే ఎవరు దంచుతరే?"

"నువ్వు నడుమ ఉన్నందుకే గదా ఇదంత."

దంచంగ దంచంగ నా చేతులు వదులైనయి. భుజాలు దిగినయి. ఎత్తుడు, వదులుడు, అంతే. మిరపకాయ మెత్తగైతుండె, నేను కూడ మెత్తగైతుంటి.

బద్రీనాథ్ సారుకు బొంబాయికి బదిలీ అయింది. పోయేటప్పుడు నన్ను పిలిచి ఆ పాత ఇనుప కర్ర, ఒక బంతి చేతుల పెట్టి, "రోకళ్లు ఇక కోయకు," అన్నడు. ఆయన పోంగనే మైదానంల గోదాము లేచింది.

ఒక ఐతారం పొద్దుగాల ఆ కర్ర పట్టుకొని చెరువు దిక్కు పోయిన. మాణెమ్మ కూడ వచ్చింది, ట్యాంకర్ ఆ దిక్కే ఆగుతది, అందుకే. బంతిని గడ్డి మీద పెట్టిన. ఎవరు చూస్తలేరు, ఏ క్వార్టర్ లేదు. ఎత్తిన, వదిలేసిన.

అయ్యా, అది పోయింది. చెరువు కట్ట దాటింది, కట్ట అవుతల జొన్నచేను మీదికెళ్లి పోయింది, తెల్లచుక్క అయింది, కనవడకుండ పోయింది. ఐలన్న బంతి దాని ముందల ఏ మూలకు. కొత్త కర్ర కొనలేదు, ఏం కోయలేదు. ఆ రోకలిని కోసే బదులు దాంతోని దంచి ఉంటే సరిపోతుండె.

నేను తిరిగి మాణెమ్మ దిక్కు చూసిన. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకొని బంతి పోయిన దిక్కు చాలాసేపు చూసింది.

"మస్తు పోయింది," అన్నది. "మరి నల్లా ఏది?"

ట్యాంకర్ హారన్ కొట్టింది. ఆమె ఒక బిందె ఎత్తుకుంది. నేను కర్ర గట్టు మీద పెట్టి రెండో బిందె ఎత్తుకున్న.